కృష్ణా డెల్టా శివారులో సౌరవిద్యుత్తు: రైతుల ప్రశ్నలు, స్థానిక సమాధానాలు

కృష్ణానది సముద్రంలో కలిసే చోట, హంసలదీవికి చేరువలో ఉన్న పాలకాయతిప్ప డెల్టా భూభాగానికి దాదాపు చివరి ఊరు. ప్రకాశం బ్యారేజి వద్ద వదలిన నీరు పులిగడ్డ అక్విడక్టు మీదుగా దివిసీమలోకి ప్రవేశించి, కోడూరు దాటి శివారు భూములకు చేరడానికి ఎంత కాలం పడుతుందో అక్కడి రైతులకు అనుభవమే. భూగర్భజలం చాలా చోట్ల ఉప్పు. గాలిలో ఉప్పు. వరిపొలాల పక్కనే రొయ్యల చెరువులు. అక్టోబరు, నవంబరు మాసాలు వచ్చాయంటే తుఫాను భయం.

సౌరవిద్యుత్తు గురించి మన విస్తరణ సాహిత్యంలో ఉన్న సమాచారంలో అధికభాగం ఇటువంటి ప్రాంతాన్ని దృష్టిలో ఉంచుకొని రాసినది కాదు. అది అనంతపురం వంటి మెట్ట జిల్లాల బోరుబావిని ఊహించుకొని రాసినది. అక్కడి రైతుకు కావలసింది పగటిపూట లోతైన బోరు నుండి నీరు. ఎండ ఉన్నప్పుడు పంపు నడుస్తుంది, ఎండ లేనప్పుడు ఆగుతుంది, పైరుకు నష్టం లేదు. పాలకాయతిప్ప రైతు అవసరం దీనికి దాదాపు తలకిందులు. కావున మచిలీపట్నం, గుడివాడ, దివిసీమ ప్రాంతాల రైతులు సౌరపరికరాల గురించి సాధారణంగా అడిగే ప్రశ్నలను ఆ ప్రాంతపు కొలమానంతోనే పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ఫలకం మీద రాసిన సంఖ్య

ముందుగా ఒక చిన్న ప్రాథమికాంశం. సౌర ఫలకం మీద 550 వాట్లు అని రాసి ఉంటే, చదరపు మీటరుకు 1000 వాట్ల సూర్యరశ్మి పడుతూ, ఫలకంలోని సెల్ ఉష్ణోగ్రత 25 డిగ్రీల సెల్సియస్ ఉన్నప్పుడు అది 550 వాట్లు ఇస్తుందని అర్థం. మే నెల మధ్యాహ్నం మన ప్రాంతంలో సెల్ ఉష్ణోగ్రత 60 డిగ్రీలకు చేరడం అసాధారణం కాదు. స్ఫటిక సిలికాన్ ఫలకాల ఉత్పత్తి డిగ్రీకి సుమారు 0.35 శాతం చొప్పున తగ్గుతుంది గనుక, 35 డిగ్రీల తేడాకు 12 శాతం వరకు నష్టం. ఎండ ఎంత తీవ్రంగా ఉంటే విద్యుత్తు అంత ఎక్కువ అనే భావన సరైనది కాదు. కావలసింది వెలుగు, వేడి కాదు.

సంవత్సరం మొత్తానికి చూస్తే ఒక కిలోవాట్ సామర్థ్యం నుండి రోజుకు సగటున 4 యూనిట్లు లెక్కవేసుకోవచ్చు. ఇది సగటు మాత్రమేనని రైతుకు గట్టిగా చెప్పాలి. తుఫాను ముసురు పట్టిన రోజున అందులో సగం కూడా రాకపోవచ్చు.

రెండువైపులా వెలుతురును గ్రహించే ఫలకాలను చెరువు గట్టు మీద అమర్చితే నీటి ప్రతిఫలనం వలన అదనపు విద్యుత్తు వస్తుందని కొందరు విక్రేతలు చెబుతున్నారు. సూర్యుడు నడినెత్తిన ఉన్నప్పుడు నీటి ఉపరితలం తనపై పడిన వెలుతురులో పదో వంతు కూడా వెనక్కి పంపదు. పొడి ఇసుక ఇంతకు మూడు రెట్లకు మించి పంపుతుంది. ఆ ఫలకాలు కొనడంలో తప్పు లేదు గాని, నీటిని కారణంగా చూపి అధిక ధర అడిగితే అంగీకరించనవసరం లేదు.

రాత్రి నడిచే యంత్రం, పగలు పుట్టే విద్యుత్తు

“గట్టు మీద ప్యానెళ్లు వేసుకుంటే ఏరియేటర్లు నడుస్తాయాండీ?” అన్నది రొయ్య రైతు అడిగే మొదటి ప్రశ్న. నడుస్తాయి అన్న సమాధానం అబద్ధం కాదు, కాని అసంపూర్ణం. దానివల్ల రైతు లక్షల రూపాయలు నష్టపోయే అవకాశం ఉన్నందున ఈ ప్రశ్నను కొంత విపులంగా చూడాలి.

చెరువులోని సూక్ష్మశైవలాలు పగలు ప్రాణవాయువును ఉత్పత్తి చేస్తాయి. రాత్రి అవి కూడా రొయ్యలతో, అడుగు బురదలోని సూక్ష్మజీవులతో పాటు దానిని వినియోగించుకుంటాయి. అందువల్ల నీటిలో కరిగి ఉన్న ప్రాణవాయువు, రైతుల మాటలో డి.ఓ., తెల్లవారుజామున 3 నుండి 6 గంటల మధ్య కనిష్ఠానికి పడిపోతుంది. వనామి రొయ్యకు లీటరుకు 4 మిల్లీగ్రాములకు తగ్గకుండా ఉండడం శ్రేయస్కరం. 3 కంటే తగ్గితే మేత ముట్టదు, ఒత్తిడికి లోనవుతుంది. 1 దగ్గరకు వస్తే సామూహిక మరణాలు మొదలవుతాయి. పట్టుబడికి సిద్ధమైన చెరువులో ఏరియేటర్లు వేకువన ఒక గంట ఆగితే మొత్తం పంట పోయే ప్రమాదం ఉన్నది. అంటే ఈ యంత్రానికి విద్యుత్తు అత్యవసరమైన సమయం సూర్యుడు లేని సమయమే.

ఒక ఎకరం చెరువుకు లెక్క చూద్దాం. చెరువులో 2 టన్నుల రొయ్య ఉన్నదనుకొందాం. 400 నుండి 500 కిలోల రొయ్యకు ఒక హార్స్‌పవర్ అనే వాడుక ప్రమాణం ప్రకారం 2 హార్స్‌పవర్ ఏరియేటర్లు రెండు అవసరం. మోటారు సామర్థ్యం 80 శాతం అనుకొంటే రెండూ కలిసి 3.7 కిలోవాట్లు తీసుకుంటాయి. రాత్రి 10 గంటలకు 37 యూనిట్లు. ఈ 37 యూనిట్లను పగలు ఉత్పత్తి చేసి బ్యాటరీలో నిలువచేసి తిరిగి తీయాలంటే, నిలువలో కలిగే నష్టం పోను రోజుకు దాదాపు 42 యూనిట్లు పుట్టాలి. అంటే పదిన్నర కిలోవాట్ల ఫలకాలు. బ్యాటరీని పూర్తిగా ఖాళీ చేయకూడదు గనుక దాని సామర్థ్యం 46 యూనిట్లు ఉండాలి. ఒక యూనిట్ నిలువ సామర్థ్యానికి 15,000 రూపాయలు అనుకొంటే బ్యాటరీకే 6.9 లక్షలు. ఇది ఒక ఎకరానికి, ఒక రాత్రికి, ముసురు లేని రోజున.

ఇదే లెక్కను మరొక విధంగా చూడవచ్చు. అదే 15,000 రూపాయల బ్యాటరీ 4,000 సార్లు, ప్రతిసారీ 80 శాతం మేరకు పనిచేస్తే, ఒక యూనిట్‌ను నిలువ చేయడానికే 4 రూపాయల 69 పైసలు పడుతుంది. విద్యుత్తు ఉత్పత్తి వ్యయం దీనికి అదనం. ఆంధ్రప్రదేశ్‌లో అర్హులైన ఆక్వా రైతులకు ప్రభుత్వ రాయితీతో యూనిట్ 1 రూపాయి 50 పైసలకు అందుతున్నది. పై 37 యూనిట్లకు ఆ రైతు చెల్లించేది 55 రూపాయల 50 పైసలు. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూపిస్తే రైతుకు వేరే ఉపన్యాసం అక్కరలేదు.

అయితే జనరేటరుతో పోల్చాలి గదా అని విద్యార్థులు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. చిన్న డీజిల్ జనరేటరు లీటరుకు సుమారు 3 యూనిట్లు ఇస్తుంది. డీజిల్ లీటరు 100 రూపాయలు అనుకొంటే యూనిట్ 33 రూపాయలు. చూడగానే బ్యాటరీయే చౌక అనిపిస్తుంది. కాని జనరేటరు నడిచేది సరఫరా పోయినప్పుడు మాత్రమే. సంవత్సరంలో అటువంటి గంటలు 100 అనుకొంటే 370 యూనిట్లు, డీజిల్ ఖర్చు 12,300 రూపాయలు. నాలుగు గంటలు నడిపే బ్యాటరీకి 2.8 లక్షలు పెడితే, 9 శాతం చొప్పున వడ్డీయే 25,000 దాటుతుంది. అరుదుగా వాడే పరికరానికి ఇంధనం ధర కంటే పెట్టుబడి వ్యయమే ముఖ్యం. ఈ సూత్రాన్ని మన విద్యార్థులు పంపుసెట్లకు చక్కగా అన్వయిస్తారు గాని, సౌరపరికరం దగ్గరకు వచ్చేసరికి మరచిపోతుంటారు.

బ్యాటరీకి ఒక ప్రయోజనం మాత్రం నిశ్చయంగా ఉన్నది. సరఫరా ఆగిన క్షణంలోనే అది అందుకుంటుంది. కాపలా మనిషి లేచి, జనరేటరు దగ్గరకు నడిచి, దానిని స్టార్ట్ చేసేలోపు గడిచే సమయమే వేకువన ప్రమాదకరం. కావున ఒక ఏరియేటరును ఒక గంటపాటు నడపగల చిన్న బ్యాటరీ, అంటే రెండున్నర యూనిట్ల లోపు సామర్థ్యం గలది, జనరేటరుకు తోడుగా పెట్టుకోవడం సమంజసం. దీనితో పాటు ఒక సాంకేతిక జాగ్రత్త చెప్పాలి. మూడు ఫేజుల మోటారు నేరుగా స్టార్ట్ అయినప్పుడు సాధారణ కరెంటుకు 5 నుండి 7 రెట్లు లాగుతుంది. దీనిని గమనించకుండా మోటారు సామర్థ్యానికి సరిపడే ఇన్వర్టరు కొన్నవారికి మొదటిరాత్రే అది ట్రిప్ అవుతుంది. నెమ్మదిగా వేగం పెంచే డ్రైవ్ అమర్చితే చిన్న ఇన్వర్టరు సరిపోతుంది.

పగటికి మార్చగలిగిన పనులు వేరే ఉన్నాయి. కాల్వ లేదా పాయ నుండి రిజర్వాయరు చెరువుకు నీరు తోడడం, మధ్యాహ్నం పైనీటిని అడుగునీటితో కలపడానికి ఏరియేటరు తిప్పడం, మంచు తయారీ. వీటిలో మూడవది తరచుగా మరుగునపడుతున్నది. టన్ను మంచు తయారీకి సుమారు 50 నుండి 80 యూనిట్లు ఖర్చవుతాయి. పగలు గడ్డకట్టించిన మంచు రాత్రికి, మరునాటికి చల్లదనాన్ని నిలువ ఉంచుతుంది. అంటే అది బ్యాటరీ చేసే పనినే చేస్తుంది, బ్యాటరీ కంటే ఎంతో చౌకగా. మచిలీపట్నం గిలకలదిండి హార్బరు వంటి చోట్ల, రొయ్యల పట్టుబడి కేంద్రాల్లో సౌరవిద్యుత్తుకు ముందుగా వెదకవలసిన అవకాశం ఇదని నా అభిప్రాయం.

“కరెంటు పోతే మా ఇంటిమీది సోలారు పనిచేస్తుందా?”

చాలామంది పనిచేస్తుందనే అనుకొంటారు. నెట్ మీటరింగ్ కింద గ్రిడ్డుకు అనుసంధానించిన సాధారణ ఇన్వర్టరు, గ్రిడ్డులో సరఫరా ఆగగానే తానూ ఆగిపోతుంది. ఇది లోపం కాదు, నిబంధన. తీగ తెగిందని స్తంభమెక్కిన లైన్‌మన్ చేతికి మన కప్పు మీది విద్యుత్తు తగలకూడదు. దాని పర్యవసానం ఏమిటంటే, తుఫాను తరువాత స్తంభాలు కూలి వారం రోజులు సరఫరా లేకపోతే, ఆ వారమూ పైన ఎండ కాస్తున్నా కింద దీపం వెలగదు. అటువంటి రోజులకు కూడా పనికిరావాలంటే హైబ్రిడ్ ఇన్వర్టరు, కొద్దిపాటి బ్యాటరీ అవసరం. తాగునీటి పంపు, ఫోను ఛార్జింగు, పశువైద్యశాలలో టీకాల ఫ్రిజ్ వంటి కనీసావసరాలకు ఒకటి రెండు యూనిట్ల బ్యాటరీ చాలును. తీరప్రాంత గ్రామ సచివాలయాలకు, తుఫాను షెల్టర్లకు ఈ ఏర్పాటు ఎంత ముఖ్యమో వేరే చెప్పనక్కరలేదు.

లాభం ఎవరికి చేరుతుంది

విద్యుత్ విధానానికి సంబంధించిన ప్రశ్నలు ఇక్కడి నుండే మొదలవుతాయి. ఆక్వా రైతు తన గట్టు మీద ఫలకాలు పెట్టి ఒక యూనిట్ ఆదా చేస్తే అతనికి మిగిలేది రూపాయిన్నర. అదే యూనిట్‌ను కొని, మోసుకొచ్చి, నష్టాలు భరించి అతనికి అందించడానికి పంపిణీ సంస్థకయ్యే వ్యయం దీనికి అనేక రెట్లు. ఆ తేడాను ప్రభుత్వం రాయితీగా చెల్లిస్తున్నది. వరి రైతు పంపుకు విద్యుత్తు ఉచితం గనుక ఆదా చేసిన యూనిట్‌కు అతనికి మిగిలేది సున్న. అంటే పొలంలో సౌరవిద్యుత్తు వలన కలిగే లాభం రైతుకు గాక రాయితీ భరించేవారికి చేరుతుంది. పెట్టుబడి మాత్రం రైతు పెట్టాలంటే అతడు ఎందుకు పెడతాడు? రైతుల్లో అవగాహన లేదని మన నివేదికల్లో రాసుకొంటాం గాని, ఈ విషయంలో రైతు అవగాహన మనకంటే స్పష్టంగానే ఉన్నది.

2019లో ప్రారంభమైన పి.ఎం. కుసుమ్ పథకంలోని భాగాలను ఈ దృష్టితో చదవాలి. ‘బి’ భాగం కింద గ్రిడ్డు లేని చోట విడి సౌరపంపులు, సాధారణంగా కేంద్రం 30 శాతం, రాష్ట్రం 30 శాతం, మిగిలినది రైతు లేదా బ్యాంకు రుణం. ‘సి’ భాగంలో వ్యవసాయ ఫీడరు మొత్తానికి సరిపడే సౌరకేంద్రాన్ని సబ్‌స్టేషను దగ్గర నిర్మించే విధానం ఉన్నది. ఇందులో రైతు ఏమీ కొననవసరం లేదు, పగటి సరఫరా మెరుగవుతుంది, రాయితీ భారం తగ్గుతుంది. స్తంభాలు, తీగలు ఊరూరా ఉన్న డెల్టాకు తగినది ఈ రెండవదే. ఒక మెగావాట్‌కు 4 నుండి 5 ఎకరాలు కావాలి. మాగాణి భూమిని దీనికి వాడడం తగదు. చౌడుబారి సాగుకు పనికిరాని భూములు మచిలీపట్నం నుండి నాగాయలంక వరకు ఉన్నాయి గాని, అవి ముంపుకు గురయ్యేవి కూడా కావడం వలన ఎత్తు చూసి ఎంచుకోవాలి. ఎం.సి.ఎం. 100 వంటి చౌడును తట్టుకొనే వరి రకాలను మచిలీపట్నం పరిశోధనా స్థానం రూపొందించిన తరువాత, చౌడుభూమి అంతా వృథాభూమి అని రాసే అలవాటును కూడా మనం మానుకోవాలి. కుసుమ్ పథకం గడువును 2026 మార్చి వరకు పొడిగించినందున, రైతుకు సలహా ఇచ్చేముందు అప్పటికి అమలులో ఉన్న మార్గదర్శకాలను చూసుకోవడం అవసరం.

గృహవినియోగదారుని స్థితి వేరు. అతడు శ్లాబు పెరిగేకొద్దీ అధిక ధర చెల్లిస్తాడు గనుక ఆదా నేరుగా అతనికే మిగులుతుంది. 2024 ఫిబ్రవరిలో ప్రారంభమైన పి.ఎం. సూర్యఘర్ పథకం కింద ఒక కిలోవాట్‌కు 30,000, రెండు కిలోవాట్లకు 60,000, మూడు లేదా అంతకు మించితే 78,000 రూపాయల కేంద్ర రాయితీ ఉన్నది. 2025 సెప్టెంబరు 22 నుండి సౌరపరికరాలపై జి.ఎస్.టి. 12 నుండి 5 శాతానికి తగ్గింది. గుడివాడ, మచిలీపట్నం పట్టణాల డాబా ఇళ్లకు ఇది లాభసాటి. తాటాకు, పెంకుటిళ్లు, రేకుల ఇళ్లు ఎక్కువగా ఉన్న తీరగ్రామాల్లో ఫలకాన్ని మోయగల కప్పే లేదు. సగటు లబ్ధిదారుని లెక్కల్లో ఈ వ్యత్యాసం కనబడదు.

మన దేశపు ఫలకం ఎందుకు ఖరీదు

రాయితీ కావాలంటే సెల్, ఫలకం రెండూ భారతదేశంలో తయారైనవే ఉండాలన్నది సూర్యఘర్ నిబంధన. బజారులో అంతకు తక్కువకు దొరుకుతుండగా ఇదెందుకని రైతులు అడుగుతారు. జవాబు తయారీక్రమంలో ఉన్నది. స్ఫటికశిల నుండి సిలికాన్, దానిని శుద్ధిచేసి పాలీసిలికాన్, దాని నుండి కడ్డీ, కడ్డీని కోసి పలుచని వేఫర్, వేఫర్‌పై ప్రక్రియలు జరిపి సెల్, సెల్స్‌ను అమర్చి గాజుతో మూసి ఫలకం. చివరి అంచె ప్రధానంగా కూర్పు పని. మన దేశం దానిలోనే ముందుగా ఎదిగింది. మొదటి అంచెలకు భారీ పెట్టుబడి, నిరంతర విద్యుత్తు, ప్రత్యేక యంత్రాలు అవసరం. ఈ అంచెలన్నింటిలోనూ చైనా వాటా 80 శాతానికి మించి ఉన్నదని అంతర్జాతీయ ఇంధన సంస్థ 2022లో ప్రకటించింది.

మనం ఆలస్యంగా మొదలుపెట్టామన్నది నిజం కాదు. ప్రభుత్వరంగ సంస్థ సెంట్రల్ ఎలక్ట్రానిక్స్ 1977లోనే దేశంలో తొలి సౌర సెల్‌ను, మరుసటి ఏడు తొలి ఫలకాన్ని తయారుచేసింది. హైదరాబాదులో ప్రీమియర్ ఎనర్జీస్ 1995లో ఆరంభమైంది. మొదలుపెట్టడం వేరు, విస్తరించడం వేరు. ఆ లోటును పూరించడానికి 2022 ఏప్రిల్ నుండి దిగుమతి ఫలకాలపై 40 శాతం, సెల్స్‌పై 25 శాతం కస్టమ్స్ సుంకం విధించారు. ఉత్పత్తి ఆధారిత ప్రోత్సాహకాల కింద రెండు విడతలుగా 24,000 కోట్ల రూపాయలు కేటాయించారు. ఆమోదిత నమూనాల జాబితాను ఒక ఏడాది నిలిపి 2024 ఏప్రిల్ నుండి తిరిగి అమలుచేశారు. సెల్స్‌కు కూడా అటువంటి జాబితాను 2026 జూన్ 1 నుండి నిర్దేశించారు. ఈ సంధికాలంలో దేశీయ సెల్స్ కొరత వలన ధర అధికంగా ఉంటుంది. ఆ అధికధరలో కొంత రాయితీ రూపంలో తిరిగి వస్తుంది, కొంత కొనుగోలుదారుడు భరిస్తాడు. రైతుకు ఉన్నదున్నట్లు ఇలాగే చెప్పడం మంచిది. నాణ్యత మాత్రం దేశాన్ని బట్టి నిర్ణయమయ్యేది కాదు. భారత ప్రమాణాల ముద్ర, ఆమోదిత జాబితాలో నమూనా సంఖ్య, ఫలకంలోని ఆర్.ఎఫ్.ఐ.డి. చిప్పు వివరాలు బిల్లుతో సరిపోవడం, ఈ మూడింటినీ చూడాలి.

ఉప్పు

తీరప్రాంతంలో సౌరపరికరం చెడిపోయేది సాధారణంగా ఫలకం వద్ద కాదు, దానిని మోసే ఇనుము వద్ద. జింకు పూత మందం గురించి రైతులు అడగరు, విక్రేతలు చెప్పరు. తీవ్రమైన తీరవాతావరణంలో జింకు సంవత్సరానికి 4 నుండి 8 మైక్రాన్ల వరకు అరిగిపోతుందని అంతర్జాతీయ తుప్పు ప్రమాణాల వర్గీకరణ తెలుపుతున్నది. వేడి జింకులో ముంచి తీసిన ఇనుముపై పూత సుమారు 85 మైక్రాన్లు. అది 10 నుండి 20 ఏళ్లు నిలుస్తుంది. బజారులో తేలికగా దొరికే 120 జి.ఎస్.ఎం. జి.ఐ. రేకు చానళ్లపై రెండువైపులా కలిపి చదరపు మీటరుకు 120 గ్రాముల జింకు, అంటే ఒక్కొక్క వైపు ఎనిమిదిన్నర మైక్రాన్లు మాత్రమే. ఆ లెక్కన ఒకటి రెండేళ్లలో తుప్పు మొదలవుతుంది. కొత్తగా ఉన్నప్పుడు రెండూ ఒకేలా మెరుస్తాయి. ఫలకానికి 25 ఏళ్ల హామీ ఇచ్చి, దానిని రెండేళ్ల చానల్‌పై నిలబెట్టడం తీరంలో తరచుగా జరిగే పొరపాటు. పూత మందం కొలిచే చిన్న పరికరం ప్రతి కృషి విజ్ఞాన కేంద్రంలో ఒకటి ఉంటే చాలా వివాదాలు కొనుగోలుకు ముందే తీరుతాయి.

అల్యూమినియం ఫ్రేము ఇనుమును నేరుగా తాకిన చోట, ఉప్పుతేమ సమక్షంలో విద్యుద్రసాయనిక క్షయం జరుగుతుంది. మధ్య రబ్బరు లేదా ప్లాస్టిక్ వాషరు, 316 రకం స్టెయిన్‌లెస్ స్టీలు బోల్టులు వాడాలి. ఫలకానికి ఐ.ఇ.సి. 61701 లవణతుషార పరీక్ష పత్రం అడగాలి. ఇన్వర్టరు వారంటీలో తీరానికి ఇంత దూరం లోపల హామీ వర్తించదనే నిబంధన ఉన్నదేమో చదవాలి. గాజుపై పేరుకొన్న ఉప్పును చెరువునీటితో కడిగితే మరింత ఉప్పు చేరుతుంది, మంచినీరే వాడాలి. ఇంత చిన్న విషయం కూడా రాసి ఇవ్వవలసి వస్తున్నది.

గాలి, ముంపు

1977 నవంబరు 19 నాటి ఉప్పెన పదివేలకు పైగా ప్రాణాలను బలిగొన్నది. దివిసీమలో నిర్మించే దేనికైనా ఆ రోజే కొలమానం. భారత ప్రమాణం ఐ.ఎస్. 875 మూడవ భాగం విజయవాడకు సెకనుకు 50 మీటర్ల మౌలిక పవన వేగాన్ని సూచిస్తున్నది. అంటే గంటకు 180 కిలోమీటర్లు. తీరగ్రామానికి అంతకంటే తక్కువ తీసుకోవడం తగదు. ఆ వేగానికి పీడనం చదరపు మీటరుకు 1500 న్యూటన్లు, సుమారు 150 కిలోల బరువుకు సమానం. 550 వాట్ల ఫలకం వైశాల్యం 2.58 చదరపు మీటర్లు. పూర్తి పీడనం పైకి లేపే దిశలో పనిచేసినట్లు లెక్కిస్తే ఒక్కొక్క ఫలకంపై 390 కిలోలకు పైబడిన బలం. ఫలకం బరువు 30 కిలోలు. పది కిలోవాట్లకు కావలసిన 18 ఫలకాలపై మొత్తం 7 టన్నులు.

ఈ బలాన్ని పట్టి ఉంచడానికి దాదాపు 3 ఘనపు మీటర్ల కాంక్రీటు కావాలి. అది కూడా నేల పొడిగా ఉన్నప్పటి లెక్క. ముంపులో మునిగిన కాంక్రీటు బరువు ఘనపు మీటరుకు 2,400 నుండి 1,400 కిలోలకు తగ్గుతుంది. తుఫానులో గాలి, ముంపు కలిసే వస్తాయి గనుక రెండవ సంఖ్యనే తీసుకోవాలి. అప్పుడు కాంక్రీటు 5 ఘనపు మీటర్లు. మెత్తని చెరువు గట్టుపై ఇంత బరువు పెట్టేకంటే, నేలలోకి లోతుగా దింపిన పైల్ పునాదులే మేలు. ఫలకాన్ని అక్షాంశానికి సమానంగా 16 డిగ్రీలు వంచడం బదులు 10 డిగ్రీలకు తగ్గిస్తే ఉత్పత్తిలో నష్టం స్వల్పం, గాలి తాకిడి మాత్రం తగ్గుతుంది. సాధారణ ఫలకాలను వెనుకవైపు నుండి 2,400 పాస్కళ్ల భారానికి పరీక్షిస్తారు. అందులో ఒకటిన్నర రెట్ల భద్రతాంశం ఇమిడి ఉన్నందున నిజమైన రూపకల్పన భారం 1,600 పాస్కళ్లే. పైన చెప్పిన 1,500కు ఇది అతి సమీపం. కావున ఫలకాన్ని పట్టే క్లాంపుల సంఖ్య, స్థానం తయారీదారు చెప్పినట్లే ఉండాలి. రెండు క్లాంపులు మిగిలాయని సంచిలో వేసుకొనిపోయే పనివాడిని ఆపాలి. ఇన్వర్టరు, బ్యాటరీలను ఆ ఊరిలో జ్ఞాపకమున్న అత్యధిక ముంపుమట్టం కంటే పైన అమర్చాలి.

నీటిని మెల్లగా తోడడం

చివరిగా నీటి విషయం. కాల్వ నుండి, మురుగు కాల్వ నుండి మూడు మీటర్ల లోపు ఎత్తుకు నీరు తోడడానికి శివారు రైతులు ఆయిల్ ఇంజిన్లు వాడతారు. ఒక హార్స్‌పవర్ 50 శాతం సామర్థ్యంతో పనిచేస్తే మూడు మీటర్ల ఎత్తుకు గంటకు 45 ఘనపు మీటర్లు తోడుతుంది. ఎకరానికి 5 సెంటీమీటర్ల తడికి 202 ఘనపు మీటర్లు, అంటే నాలుగున్నర గంటలు. సౌరపంపుకు ఇది తేలిక పనే. కాని పథకాల్లో ఇచ్చే పంపులు ఎక్కువగా బోరు సబ్‌మెర్సిబుల్ నమూనాలు. వాటిని ఇక్కడ దించితే సామర్థ్యం వృథా. తక్కువ ఎత్తు, ఎక్కువ ప్రవాహం గల సర్ఫేస్ పంపునే కోరాలి. ఏడాదిలో కొద్ది వారాలే పని ఉంటుంది గనుక బండిమీద అమర్చి ఐదారుగురు రైతులు పంచుకోవడం, మిగతా కాలంలో యూనివర్సల్ కంట్రోలరు ద్వారా పిండిమర, చాఫ్ కట్టరు నడపడం మేలు.

తీరపు ఇసుక నేలల్లోని భూగర్భజలం సంగతి భిన్నం. ఇక్కడ మంచినీరు ఉప్పునీటిపై పలుచని పొరగా తేలుతూ ఉంటుంది. సముద్రమట్టానికి పైన ఒక మీటరు మంచినీటిమట్టం ఉంటే, కింద సుమారు 40 మీటర్ల మేర మంచినీరు ఉంటుందన్నది గైబెన్, హెర్జ్‌బర్గ్ శాస్త్రవేత్తలు చూపిన సంబంధం. దీని రెండవ ముఖం ప్రమాదకరం. మట్టం ఒక మీటరు తగ్గితే ఉప్పునీటి సరిహద్దు కాలక్రమంలో 40 మీటర్లు పైకి రాగలదు. ఫిల్టరు పాయింటుకు 5 హార్స్‌పవర్ సౌరపంపు బిగిస్తే డీజిల్ ఖర్చు ఉండదు గనుక రైతు దానిని ఆపడు. డీజిల్ ధర ఇంతకాలం తెలియకుండానే ఆ నీటి పొరను కొంత కాపాడింది.

బాపట్లలోని లవణజల పరిశోధనా పథకం శాస్త్రవేత్తలు మెరుగుపరచిన దొరువు పద్ధతి దీనికి తగిన సమాధానం. నీటిమట్టానికి కొద్దిగా దిగువన అడ్డంగా పరచిన రంధ్రాల గొట్టాలు పైపొర నీటిని మాత్రమే మెల్లగా సేకరించి ఒక బావిలోకి చేరుస్తాయి. ఆ బావి నుండి ఎంత వేగంగా తోడితే అంత లోతుగా మట్టం పడిపోతుంది, కింది ఉప్పునీరు అంతగా పైకి లేస్తుంది. రెండు గంటల్లో తోడే నీటినే ఎండకాసే ఎనిమిది గంటలపాటు కొంచెం కొంచెంగా తోడగలిగితే అదే నీరు మంచినీరుగా అందుతుంది. ఒక హార్స్‌పవర్ లేక అంతకు తక్కువ సామర్థ్యం గల సౌరపంపు సహజంగా చేసే పని ఇదే. ఉదయం మెల్లగా మొదలై, మధ్యాహ్నం పుంజుకొని, సాయంత్రం తగ్గి, రాత్రి ఆగి, బావి తిరిగి నిండడానికి వ్యవధినిస్తుంది. దీనికి బ్యాటరీ అవసరం లేదు, పెద్ద నిర్మాణం అవసరం లేదు, రెండు మూడు ఫలకాలు చాలు. పంపు ఎంపికలో పాటించవలసినది ఒక్కటే: దొరువులోకి గంటకు ఊరే నీటిని ముందుగా వేసవిలో కొలిచి, మధ్యాహ్నపు గరిష్ఠ ప్రవాహం దానికి మించకుండా చూసుకోవాలి.